పెట్టుబడి సాయం మీ ఇంట్లో దేనికి పనికొచ్చింది? లెక్కతో సహా చెప్పండి

కాలువగట్టు (నల్గొండ)

అందరికీ నమస్కారం. మొన్న ఆఫీసు క్యాంటీన్లో ఒక మాట విన్నాను. "రైతులకు ఊరికే డబ్బులు వేస్తున్నారు, అంతా తాగుడికే పోతుంది" అని. అన్నవాడు చెడ్డవాడు కాదు, పల్లె తెలియని మనిషి అంతే. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. గట్టిగా జవాబు చెప్పలేకపోయానని బాధ.

అందుకే మా ఇంటి లెక్క రాస్తున్నాను. మీ ఇళ్ళలో ఏం జరిగిందో మీరూ చెప్పండి. పార్టీల సంగతి వద్దు.

మాది సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల పది గుంటలు. నా చిన్నప్పటి నుంచి ఎరువు సంచులు ఉద్దెరకే వచ్చేవి. దుకాణంలో పొడుగాటి ఖాతా పుస్తకం, అందులో మా నాయిన పేరుతో ఒక పేజీ. జూన్‌లో రాసింది వడ్లు అమ్మాక కొట్టేయాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ. అది ఎట్లాగో భరించేవాళ్ళం. అసలు దెబ్బ వేరే. ఉద్దెర తెచ్చినవాళ్ళు వడ్లు కూడా ఆ దుకాణదారుకే పోయాలి. ఐకేపీ సెంటర్‌కు (సర్కారు తరఫున వడ్లు కొనే చోటు) తీసుకుపోతామంటే "మరి నా బాకీ?" అంటాడు. 2017లో మద్దతు ధర మీద క్వింటాలుకు 150 తగ్గించి తీసుకున్నాడు.

2018 మేలో తెలంగాణ సర్కారు పెట్టుబడి సాయం, రైతుబంధు మొదటి చెక్కు వచ్చింది. ఎకరాకు 4 వేల లెక్కన 9 వేలు. నాయిన ఆ డబ్బుతో దుకాణానికి పోయి సగం సంచులు నగదుకు కొన్నాడు. మిగతా సగానికి అమ్మ పొదుపు సంఘంలో లోన్ తీసుకుంది. బిల్లు మీద "నగదు" అని రాయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ బిల్లు ఇప్పటికీ పాసుబుక్కు కవర్లో ఉంది. ఆ పంటకు 54 క్వింటాళ్ళు ఐకేపీ సెంటర్‌లో 1,770కి అమ్ముకున్నాం. క్వింటాలుకు 150 చొప్పున 8,100 మిగిలింది. తొమ్మిది వేల మీద ఆరు నెలల వడ్డీ ఇంకో వెయ్యి చిల్లర. అంటే వచ్చింది 9 వేలు, దాని వల్ల చేతిలో నిలిచింది ఇంకో 9 వేలు. ఆ ఏడే నన్ను హైదరాబాదులో డిగ్రీలో చేర్పించారు.

తాగుడికి పోయిందన్న మాటకు నా జవాబు ఇది. క్యాంటీన్లో చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తున్నాను.

పత్తిచేను (పాలమూరు)

అన్నా, మీ నాయినకు డబ్బు మేలో వచ్చింది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. మా కథ మొత్తం దాని మీదే ఉంది.

మాది మూడెకరాల చెల్క. బోరు లేదు, వానే దిక్కు. పత్తి వేస్తాం. 2024 వానాకాలంలో పెట్టుబడి సాయం పడలేదు. ఇయ్యాల పడుతుంది, రేపు పడుతుంది అని చూసి చూసి మా అన్న మూడు రూపాయల వడ్డీకి 30 వేలు తెచ్చాడు. జనవరిలో పత్తి అమ్మి కట్టేసరికి వడ్డీయే 6,300 అయింది. పత్తి కూడా సరిగ్గా రాలేదు. ఆ అప్పు కోసం అన్నా వదినా పుణె పోయి సెంట్రింగ్ పనిలో నాలుగు నెలలున్నారు. పిల్లాడు మూడో తరగతి. అమ్మమ్మ ఊళ్ళో వదిలిపెట్టి పోయారు. అక్కడ బడికి సరిగ్గా పోలేదు. తిరిగి వచ్చాక రెండు వారాలు వాడు తల్లి కొంగు వదల్లేదు, బాత్రూం తలుపు దగ్గర కూడా నిలబడేవాడు.

2025 జూన్‌లో ఎకరాకు 6 వేలు, మొత్తం 18 వేలు ఒకేసారి పడ్డాయి. ఆ ఏడు వానలు మే ఆఖరుకే వచ్చాయి కాబట్టి విత్తనం అప్పటికే కొనేశాం. ఎకరాకు రెండు ప్యాకెట్లు, ప్యాకెట్ 901. ఆరు ప్యాకెట్లకు 5,406. అది చేబదులు. కానీ మందు, కలుపు కూలీలు అంతా ఈ డబ్బుతోనే గడిచింది. ఆ ఏడు అన్న పుణె పోలేదు.

మా అనుభవం ఒకటే చెప్తుంది. విత్తుకు ముందు వస్తే అది పెట్టుబడి. విత్తు తర్వాత వస్తే అప్పు కట్టడానికి పోతుంది. అంకె అదే, పని వేరు.

పసుపుకొమ్ము (నిజామాబాద్)

అందరి మాటా గౌరవిస్తూనే ఒక మాట అడుగుతాను. ఎకరాకు ఆరు వేల కోసం ఇంత ఎదురుచూపు ఎందుకు? ధర ఇస్తే చాలదా? సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చారు. మా దగ్గర ఎకరాకు 25 క్వింటాళ్ళు పండుతుంది. అంటే ఎకరాకు 12,500. పండించినవాడికే వస్తుంది, పడావు పెట్టినవాడికి రాదు. పంట అమ్మిన బిల్లు మీద ఎవరి పేరుంటే వాళ్ళకే పడుతుంది. నాకు ఇదే న్యాయంగా కనిపిస్తుంది.

పత్తిచేను (పాలమూరు)

మీ లెక్క తప్పని అనను అన్నా. కానీ అది నీళ్ళున్న లెక్క. మా చెల్కలో వరి ఎక్కడిది? 2025-26లో పత్తికి మద్దతు ధర 8,110 అని రాశారు. తేమ ఎక్కువుందని వాపస్ పంపితే ఆటో కిరాయి కూడా మీద పడుతుంది. ధర పంట వచ్చాక పనిచేస్తుంది. పంట వేయడానికే చేతిలో డబ్బు లేనివాడు ధర దాకా ఎట్లా పోవాలి? మాకు రెండూ కావాలి.

పసుపుకొమ్ము (నిజామాబాద్)

ఒప్పుకుంటున్నా తమ్ముడూ. మెట్ట సంగతి నేను ఆలోచించలేదు.

పనలకుప్ప (రేపల్లె)

చదువుతుంటే ఏడుపొచ్చింది. మీ అందరికీ పాసుబుక్కు ఉంది. మాకు లేదు.

మా నాన్న ముప్పై ఏళ్ళుగా కౌలుకే చేస్తున్నాడు. నాలుగెకరాలు. సొంతానికి సెంటు లేదు. పొలం గట్టు మీద ఏ మూల ఎలక బొరియ ఉందో ఆయనకు తెలుసు, కానీ కాగితం మీద ఆయన రైతు కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి కోత అయిపోయి వరి పనల మీద ఉంది. మూడు రోజులు నీళ్ళలో నానింది. నాన్న ఒక పన ఎత్తి చూపించాడు. కంకికి కంకే మొలకెత్తి, పచ్చటి గడ్డి పిలకలు వేళ్ళ మధ్య నుంచి వేలాడుతున్నాయి. ఆయన ఏం మాట్లాడలేదు. పనను మళ్ళీ జాగ్రత్తగా, పడుకున్న పిల్లను దించినట్టు దించాడు.

నష్టం రాసుకోడానికి వచ్చినప్పుడు ఈ-క్రాప్‌లో (పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే జాబితా) ఎవరి పేరుందని చూశారు. పొలం గలాయన పేరుంది. పరిహారం ఆయన ఖాతాకే. కౌలు మాత్రం మేం కట్టాల్సిందే. ఆయన సగం కౌలు తగ్గించాడు, అది ఆయన మంచితనం. కానీ మా బతుకు ఒకరి మంచితనం మీద నడవాలా?

మా ఆంధ్రలో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు కౌలు కార్డు ఇస్తారు. దాని వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. ఆ కార్డుతోనే ఇక్కడ రైతు భరోసా పథకం ఉన్న రోజుల్లో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు ఏడాదికి 13,500 వచ్చేది. మేం బీసీలమే. అర్హత ఉంది. పొలం గలాయన సంతకం ఒక్కటే లేదు. మూడేళ్ళు అడిగాం. "ఎందుకమ్మా రిస్కు" అనేవాడు.

ఆ 13,500 ఉంటే మా తమ్ముడు ఇంటర్ మానేసేవాడు కాదు. ఈ మాట ఊరికే రాయడం లేదు. కాలేజీ ఫీజు బాకీ సరిగ్గా 12 వేలు.

సంఘం రాసేదాన్ని (అనంతపురం)

చెల్లీ, నీ మాట మా ఊళ్ళో ఆడోళ్ళది కూడా. నేను మా గ్రామ సంఘంలో పుస్తకాలు రాస్తాను. మా సంఘంలో 11 మంది ఒంటరి ఆడవాళ్ళున్నారు. అందరూ పొలం చేస్తారు. పాసుబుక్కు పేరు మీద ఉన్నది నలుగురికే. మిగతావాళ్ళకు మొగుడు పోయినా పొలం ఇంకా ఆయన పేరు మీదో, మామ పేరు మీదో ఉంది. బావలు ఒప్పుకోరు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తిరగలేరు. చచ్చిపోయినోళ్ళ పేరు మీద సాయం ఆగిపోతుంది, బతికున్నోళ్ళ పేరు మీదకు రాదు.

అయినా ఒక మంచి సంగతి చెప్తాను. మా జిల్లాలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఒక్కటే నమ్ముకుని ఎన్ని ఇండ్లు మునిగిపోయినాయో మీకు తెలుసు. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వచ్చినాక వాన రాకముందే నవధాన్యాలు చల్లడం మొదలుపెట్టినాం. జొన్న, సజ్జ, అలసంద, కంది, ఆముదం, ఆకుకూరలు, అన్నీ కలిపి. విత్తనానికి బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం) పట్టించి చల్లుతాం. దీంట్లో ఖాతాలో పడే డబ్బేమీ లేదు. నేర్పించడానికి ఒక మనిషి, విత్తనాల కిట్టు, సంఘంలో చిన్న లోన్. అంతే.

మా పక్కింటి ఆమె ఎకరంన్నరలో చల్లింది. చేను వేరుశనగ అంత ఏపుగా ఏమీ కనపడదు. కానీ ఆమె ఆ మూడు నెలలు కూరగాయలకు అంగడి మొహం చూడలేదు. పొద్దున్నే ఒడి నిండా అలసంద కాయలు, గోంగూర తెచ్చుకునేది. రెండు మేకలకు మేత. నేను ఆమె అప్పు పుస్తకం రాస్తాను కాబట్టి చెప్తున్నా, అంతకుముందు ఏడు అంగట్లో సరుకుల బాకీ 4,200 ఉంటే ఆ ఏడు 1,500 దాటలేదు.

డ్రిప్పు కూడా అంతే. చిన్న రైతుకు 90 శాతం సబ్సిడీ. మా తమ్ముడు ఆ 10 శాతం కట్టి ఎకరా టమోటా పెట్టినాడు. డబ్బు రూపంలో ఇచ్చి ఉంటే డ్రిప్పు వేసేవాడు కాదేమో, ఇల్లు కారుతోంది కాబట్టి రేకులు వేసుకునేవాడు. అది కూడా తప్పు కాదు. కానీ ఏది వస్తువుగా ఇయ్యాలో, ఏది డబ్బుగా ఇయ్యాలో ఇంట్లో బాధ పడేవాళ్ళను అడిగి చేస్తే బాగుంటుంది.

దూరపుచుట్టం (చికాగో, సొంతూరు వరంగల్ పక్కన)

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ రాయాలా వద్దా అని ఆగాను. రాస్తున్నాను.

నాకు ఊళ్ళో 12 ఎకరాలుంది. నేను దున్ని పాతికేళ్ళయింది. ఎకరాకు 5 వేలు ఉన్నప్పుడు నా ఖాతాలో సీజనుకు 60 వేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు పడేవి. మూడు సీజన్లు పడ్డాయి. అప్పట్లో వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే పద్ధతి ఉంది. నేను ఇవ్వలేదు. నా పొలం చేసే ఆయన ఎకరాకు 15 వేలు కౌలు కడుతూ, నడ్డి వంగేట్టు పనిచేస్తూ, ఒక్క రూపాయి సాయం లేకుండా ఉన్నాడు. ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఒకసారి ఊరొచ్చినప్పుడు ఆయన భార్య మా ఇంటికి జొన్నరొట్టెలు తెచ్చింది. మాటల్లో మాటగా "మీకు పడిందా సార్, మా ఊళ్ళో అందరికీ పడిందంట" అంది. ఆమె నన్ను నిలదీయలేదు. ఊరి కబురు చెప్పింది. ఆ రాత్రి నాకు రొట్టె గొంతు దిగలేదు. ఆ తర్వాత నుంచి పడిన డబ్బు పడినట్టు ఆయన ఖాతాకు పంపుతున్నాను.

రేపల్లె చెల్లెమ్మా, మీ పొలం గలాయన భయం గురించి ఒక మాట. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు, నాకూ ఉండేది. తెలంగాణలో 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుల పేర్లు రాశారు. దాంతో భూములు చేతులు మారాయని మా నాన్న చనిపోయేదాకా చెప్పేవాడు. మీ వైపు 1956 కౌలు చట్టం గురించి ఇలాగే చెప్పుకుంటారట. కానీ మీరు చెప్పిన 2019 కార్డు అలాంటిది కాదు. చట్టంలోని ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో ప్రింటు తీసి ఆయనకు చూపించండి. ఆయన పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉంటే వాళ్ళతో మాట్లాడండి. నా అనుభవంలో సంతకం ఆపేది చాలాసార్లు పిల్లలే. కావాలంటే నేను ఫోన్లో మాట్లాడతాను.

పనలకుప్ప (రేపల్లె)

అన్నయ్యగారూ, మీరు ఇలా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆయన కొడుకు బెంగళూరులో ఉన్నాడు. నంబరు తీసుకుని మీకు మెసేజ్ పెడతాను.

మెతుకుసీమ బిడ్డ (మెదక్)

సాయం అంటే అందరూ పెట్టుబడి డబ్బే చెప్తున్నారు. నాది వేరే కథ.

మాకు 20 గుంటలే. అందులో నాయిన కూరగాయలు పెట్టేవాడు. 2021లో పొద్దున మోటారు వేయడానికి పోయి అక్కడే గుండెపోటుతో పడిపోయాడు. 46 ఏళ్ళు. నేను అప్పుడు నర్సింగ్ మొదటి ఏడు.

మూడో రోజు వ్యవసాయ విస్తరణ అధికారి, ఏఈవో సార్ వచ్చారు. అమ్మ తలుపు మూల కూర్చుని ఉంది. ఆధార్, బ్యాంకు పుస్తకం అడిగితే ఏదో బాకీ వసూలుకు వచ్చారనుకుని "నా దగ్గర ఏం లేదు సార్" అని దండం పెట్టింది. సార్ కింద కూర్చుని రైతుబీమా అంటే ఏంటో రెండుసార్లు చెప్పారు. గుంట భూమి ఉన్నా చాలు, ఎట్లా చనిపోయినా 5 లక్షలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది అని. అమ్మ నమ్మలేదు. దశదినకర్మ అయిన రెండు రోజులకు డబ్బు పడింది.

లక్షా అరవై వేల అప్పు ఉంది, అది కట్టాం. రెండు లక్షలు చెల్లె పేరు మీద ఎఫ్‌డీ. 70 వేలు పెట్టి బర్రెను కొన్నాం. మిగిలింది కర్మకాండ ఖర్చుకూ నా ఫీజుకూ సరిపోయింది. ఆ బర్రె పాల మీదే రెండేళ్ళు ఇల్లు గడిచింది. నాకు ఇప్పుడు ఆసుపత్రిలో ఉద్యోగం.

అప్పు వాళ్ళు పదకొండో రోజు వస్తారని అమ్మకు తెలుసు. వచ్చారు కూడా. "ఎల్లుండి వచ్చి తీసుకుపోండి" అని అమ్మ తల ఎత్తి చెప్పింది. నాయిన పోయాక ఆమె గట్టిగా మాట్లాడిన మొదటి మాట అది.

విస్తరణపని (ఏఈవో)

బిడ్డా, చదివి చాలా సేపు అలాగే ఉండిపోయాను. నేనూ మండలంలో ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఇలా చావు ఇండ్లకు వెళ్ళడం మా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది.

డబ్బు ఎందుకు ఆగుతుందో నాకు ఎదురైనవి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి మూడు విడతలుగా 6 వేలు. ఈ-కేవైసీ కాకపోతే ఆగుతుంది. ఖాతా ఉంటే చాలదు, ఆ ఖాతా ఆధార్‌కు లింకై ఉండాలి. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు లింకు అటు మారిపోయి, డబ్బు ఆ వాడని ఖాతాలో పడి ఉంటుంది. "నాకు రాలేదు సార్" అని వచ్చినవాళ్ళలో చాలామందికి వచ్చే ఉంది, వేరే పుస్తకంలో. ఇంకొకటి, 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవాళ్ళకు పీఎం కిసాన్ రాదు, వారసత్వంగా వచ్చినవాళ్ళకు వస్తుంది. అందుకే తండ్రి పోయాక విరాసత్ (భూమిని వారసుల పేరు మీదకు మార్పించడం) వాయిదా వేయకండి. అన్నదమ్ములు పంచుకునేదాకా ఆగుదామనుకుంటారు. ఆ లోపల సాయమూ ఆగుతుంది, బ్యాంకులో పంట రుణమూ ఆగుతుంది. కిసాన్ కార్డు లోను సకాలంలో కడితే పడేది 4 శాతం వడ్డీ. పైన ఒకరు చెప్పిన మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. తేడా చూడండి.

రైతుబీమా వయసు 18 నుంచి 59 దాకా, ఆధార్‌లో ఉన్న పుట్టినతేదీ ప్రకారమే. మా మండలంలో ఒకాయనకు నిజానికి 55, ఆధార్‌లో జనవరి 1 అని ఉజ్జాయింపుగా వేసిన తేదీతో 60 దాటింది. ఆ కుటుంబానికి నేను ఏం చేయలేకపోయాను. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి బండి మీద పోవాలంటే కష్టంగా ఉంటుంది.

బీమా ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది. దానికి ముందే నామినీ పేరు సరిచూసుకోండి. నామినీ చనిపోయి ఉంటే మార్పించండి. ఇది ఎవరూ చూసుకోరు.

కాలువగట్టు (నల్గొండ)

సార్, మీరు ఆఖర్న రాసింది చదవగానే నాయినకు ఫోన్ చేశాను. నామినీ ఎవరిని పెట్టావని అడిగితే కాసేపు గుర్తుచేసుకుని "మీ నాయనమ్మను" అన్నాడు. భూమి ఆమె పేరు నుంచే వచ్చింది కాబట్టి 2018లో అట్లా రాయించాడట. నాయనమ్మ పోయి మూడేళ్ళయింది. నాయినకు ఇప్పుడు 56.

"నాకేమైతదిరా" అంటున్నాడు. అమ్మ వెనక నుంచి ఫోన్ లాక్కుని, ఆదివారం వచ్చి నువ్వే తీసుకుపో అంది. శనివారం రాత్రి బస్సుకు బయల్దేరుతున్నాను. సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టాను.

విస్తరణపని (ఏఈవో)

మంచి పని చేశావు తమ్ముడూ. నాయిన పాసుబుక్కు జిరాక్సు, ఆయన ఆధార్, అమ్మ ఆధార్ తీసుకెళ్ళు. నాయనమ్మ మరణ ధ్రువీకరణ పత్రం ఉంటే అదీ పెట్టుకో. అమ్మ పేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూడు. సోమవారం పదిన్నరకల్లా రైతు వేదిక దగ్గర ఉంటే మీ క్లస్టర్ ఏఈవో దొరుకుతారు.

పనలకుప్ప (రేపల్లె)

చికాగో అన్నయ్యగారు ఇవాళ పొద్దున బెంగళూరు ఆయనతో నలభై నిమిషాలు మాట్లాడారట. ఆయన ఇంకా సరే అనలేదు. చట్టం కాపీ పంపమన్నాడు. నాన్నకు చెప్పాను. ఏం మాట్లాడలేదు, ఫోటోలు దిగడానికి ఒక చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు.